జాలీ తీసిన శనివారం

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్‌లో ఏది చెడినా ముందుగా ఫిర్యాదు రాసేది నేనే. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగినా, ట్యాంకర్ నీళ్లు ఉప్పగా వచ్చినా, పై ఫ్లాటు వాళ్లు బాల్కనీ కడిగిన నీళ్లు నా బట్టల మీద పడినా, జరిగింది జరిగినట్టు రాసి అసోసియేషన్‌కు పంపుతాను. నా పేరు కనబడగానే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారని తెలుసు. మేం కొత్తగా చేరినప్పుడు జరిగిన మొదటి సమావేశంలో అందరికీ కుర్చీలు వేసి నన్ను మాత్రం గోడ పక్కన నిలబెట్టిన సంగతి వాళ్లు మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

కిందటి నెల మా లాబీలోని అద్దాల తొట్టిలో ఒక చేప చచ్చి తేలింది. ఫ్లవర్‌హార్న్ అంటారు ఆ చేపను. నుదుటి మీద నున్నటి బొడిపె, ఒళ్లంతా మెరిసే చుక్కలు, పక్కల మీద ఎవరో సిరాతో గీసినట్టు నల్లటి మచ్చలు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఇక్కడి ఐటీ ఉద్యోగుల ఇళ్లలో చాలామంది పెంచుతారు. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో అంత కోపిష్టిది. తన తొట్టిలో ఇంకో చేపను బతకనివ్వదు, అది ఆడదైనా సరే. అందుకే రెండింటిని ఒకచోట ఉంచాలంటే మధ్యలో అడ్డంగా జాలీ పెడతారు. మా లాబీ తొట్టిలో ఆ జాలీ పక్కకు ఒరిగి ఉంది. నేను పైకొచ్చి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. ‘జాలీని సరిగా బిగించకపోవడం వల్ల’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. ఆ మాట నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట పుప్పాలగూడలో, ఒక పెద్దమనిషి మొహం మీదే ఇదే మాట అన్నాను. అది అబద్ధం. ఎదుటివాళ్లు నన్నన్న ప్రతి మాటా తేదీతో సహా గుర్తుంచుకున్న నేను, నేనన్న ఆ ఒక్క మాటను ఇన్నాళ్లూ గుర్తు చేసుకోకుండా ఎలా ఉండగలిగానో తెలియదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కాకినాడ నుంచి వచ్చి రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. మరొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం నా పని, ఆ పనికే పుట్టినట్టు చేసేదాన్ని. పుప్పాలగూడ అప్పటికింకా ఊరే. బర్రెలు రోడ్డుకు అడ్డంగా నడిచేవి, వాటి వెనక కంపెనీ క్యాబులు హారన్ కొడుతూ నిలబడేవి. నేను అద్దెకున్నది మల్లయ్య, అంజమ్మ అనే దంపతుల ఇంటి మేడ మీద గదిలో. పిల్లలు లేరు వాళ్లకు. మొదటి రోజు నేను ‘బాబాయిగారూ’ అని పిలిస్తే ఆయన నవ్వి, “గారు గీరు ఎందుకు బిడ్డా, కాక అంటె సాలు” అన్నాడు. నా నోటికి ఆ పిలుపు రావడానికి ఏడాది పట్టింది. వచ్చాక మళ్లీ పోయింది, అది తర్వాత సంగతి.

వాళ్లది చేపలు పట్టే కుటుంబం. ఊరి చెరువులో తాత, తండ్రి వల వేశారు, ఆయనా వేశాడు. చెరువు చుట్టూ మట్టి పోసి గోడలు లేపుతుంటే, నీళ్లలోకి మురుగు వదులుతుంటే, ఒక వానాకాలం వల మడిచి అటక మీద పెట్టేశాడట. చేపలు లేకుండా మాత్రం ఉండలేకపోయాడు. ముందు గదిలో, మామూలుగా ఎవరైనా టీవీ పెట్టుకునే చోట, ఆయన పొడవాటి అద్దాల తొట్టి పెట్టుకున్నాడు. పొద్దున నేను మెట్లు దిగేసరికి అంజమ్మ వాకిలి చల్లి, లోపల జొన్నరొట్టెలు కొడుతూ ఉండేది. రొట్టె కాలే వాసన, దానికి అడ్డంగా ఎండురొయ్యల పొడి వాసన, ఆ రెండింటి కింద తొట్టి నీళ్ల పచ్చి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా జొన్నరొట్టె కాలుతుంటే ముక్కు మిగతా రెండు వాసనల కోసం వెతుకుతుంది. కాక తొట్టి ముందు గొంతుకూర్చుని సాసర్‌లో చాయ్ పోసుకునేవాడు. నల్లా నీళ్లు నేరుగా తొట్టిలో పోయనిచ్చేవాడు కాదు, డ్రమ్ములో నింపి ఒక పగలంతా ఎండకు పెట్టాల్సిందే. నేను తలంటుకోవడానికి ఆ డ్రమ్ములో నీళ్లు ముంచుకున్నందుకు ఒకసారి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అదీ నాకు గుర్తుంది.

ఈ చేపల్లో ఆడా మగా తేల్చడం చాలా కష్టం. బొడిపె మగదానికే పెరుగుతుందంటారు కానీ కొన్ని ఆడవాటికీ పెరుగుతుంది. రంగు చూసి చెప్పేవాళ్లు సగం సార్లు తప్పు చెబుతారు. నమ్మకమైన పద్ధతి ఒకటే, చేపను వెల్లకిలా తిప్పి పొట్ట కింద చూడటం. అక్కడ రెండు రంధ్రాలుంటాయి. వెనకది సన్నగా, మొనదేలి ఉంటే మగది, వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది. కాక తువ్వాలు తడిపి అరచేతిలో పరిచి, చిక్కంతో చేపను పట్టి అందులో పడుకోబెట్టేవాడు. దాని కళ్ల మీదికి తువ్వాలు అంచు కప్పితే అది కొట్టుకోవడం మానేసేది. బొటనవేలితో పొట్ట మీద నిమిరి ఒక్క క్షణం చూసేవాడు. చేప నీళ్ల బయట ఉన్నంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టేవాడు.

“ఎందుకు కాకా, మీరెందుకు బిగబట్టడం?”

“నాకు గాలి కావాలనిపిచ్చిందంటె దానికి నీళ్లు కావాలని లెక్క. గడియారం చూసుకుంట పట్టుకుంటమా బిడ్డా?”

నేనూ నేర్చుకున్నాను. తువ్వాలు పట్టుకోవడం, ఊపిరి బిగబట్టడం, చూడటం. ఆఫీసు ప్రింటర్‌లో, చేపలు పెంచేవాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకున్న పేజీలు ముద్రించుకుని చదివాను. ఆయన చదువుకోలేదు కాబట్టి నాకే ఎక్కువ తెలుసని నెమ్మదిగా నమ్మకం కుదిరింది. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. ఆ కాగితాల్లో ఉన్నది, ఆయన చెప్పేది, చాలాచోట్ల ఒకటే. తేడా వచ్చిన చోట మాత్రం నేను కాగితం వైపు ఉండేదాన్ని.

తొట్టిలో కుడివైపు ఒక పెద్ద ఎర్ర మగచేప. అంజమ్మ దాన్ని పటేలు అనేది. ఎడమవైపు, వేలెడంత ఉన్నప్పటి నుంచి కాక చేతి మీద పెరిగిన చిన్నది. మధ్యలో జాలీ. ఆ జాలీ, ఆఫీసుల సీలింగులో ట్యూబులైట్ల కింద అమర్చే తెల్ల ప్లాస్టిక్ గడుల పలక. ఏదో కంపెనీ ఇంటీరియర్ పాతది పీకి పారేస్తే, ఆ కుప్పలోంచి ఏరి తెచ్చి, రంపంతో కోసి, రెండు అంచుల్నీ గాజుకు అంటించిన పట్టీల సందుల్లో దించి బిగించాడు. దానికి అడుగున మూలగా జానెడు లోపు వెడల్పున ఒక కంత కోసి, దాని మీద పలకముక్క మూసి ఉంచాడు. వేళ వచ్చినప్పుడు ఆ ముక్క ఒక్కటే తీస్తాడట. చిన్నది దూరగలదు, పటేలు దూరలేడు.

“ఆడదానికి పోను రాను తొవ్వ ఉండాలె. దానికి బుద్ధి పుడితె పోతది, భయమైతె ఎన్కకు వస్తది. మగదానికి ఆ తొవ్వ ఉండొద్దు. గట్ల పది పన్నెండు దినాలు చూసినంక జాలీ తియ్యాలె.”

అంత ఓపిక ఏ కాగితంలోనూ లేదు. రెండూ జాలీ దగ్గరికొచ్చి ఒళ్లు వణికిస్తే, గుడ్ల కోసం అడుగున పెట్టిన పెంకును నోటితో గీకి శుభ్రం చేస్తుంటే, ఆడదాని గుడ్లు పెట్టే గొట్టం బయటికి కనబడితే, జత కలపవచ్చని రాసి ఉంది. పక్కనే ఉండి గమనిస్తూ కలపాలని కూడా రాసి ఉంది. నేను ఆ వాక్యంలో మొదటి సగమే చదివినట్టు ప్రవర్తించాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం చేపల దుకాణం ఖలీల్ భాయ్ వచ్చాడు. ఆయనతో ఇంకో ఇద్దరు, చేపల పిచ్చి ఉన్నవాళ్లే. చిన్నదాని నుదుటి మీద బొడిపె చూసి ఖలీల్ భాయ్, “మల్లన్నా, ఇది మగదే. రెండు సంవత్సరాలు ఫాల్తూగా మేపినవ్” అన్నాడు. నేను ఊరుకోలేదు. తువ్వాలు తడిపి, చేపను పట్టి, తిప్పి చూపించాను. కాక వంగి చూసి, “ఆడదే. బిడ్డ చెప్పింది నిజం” అన్నాడు. ఆ ఇంట్లో నేను అంత గర్వంగా నిలబడ్డది అదొక్కసారే. ఆ ఊపులోనే అన్నాను, “గొట్టం కూడా కనబడుతోంది కదా కాకా. ఇంకా ఎందుకు, ఇవాళే జాలీ తీసేద్దాం.”

కాక చాయ్ సాసర్ పక్కన పెట్టి వాళ్ల వైపు తిరిగి, “సూసిన్రా, ఈమెకు సంబంధం సూడనీకె వాళ్లమ్మకు మూడేండ్లు అయితుంది, ఇంకా కుదర్లె. చాపకైతె మూడు నిమిషాలల్ల పెండ్లి చేస్తదట” అన్నాడు.

ముగ్గురూ నవ్వారు. ఖలీల్ భాయ్ నవ్వు ఆపుకుంటూ, “ఛోడో మల్లన్నా, మేడంను పరేషాన్ చెయ్యకు” అన్నాడు. అది ఇంకా మండించింది. మూడు సంబంధాలు తప్పిపోయాయని, మూడోవాళ్లు ‘అమ్మాయికి నోరెక్కువ’ అని కబురు పంపారని నేను అంజమ్మకు ఒక్కదానికే చెప్పుకున్నాను, రొట్టెల పిండి ముందు కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ. ఆమె ఆయనకు చెప్పింది. ఆయన నలుగురిలో చెప్పాడు. ఆ సాయంత్రం అంజమ్మ మేడ మీదికి చేపల పులుసు పంపిస్తే గిన్నె మూత తీయకుండా తిప్పి పంపాను. మర్నాటి నుంచి మళ్లీ ‘బాబాయిగారూ’ అనడం మొదలుపెట్టాను. ఆయన ఒకటి రెండుసార్లు నా మొహంలోకి చూసి, ఏదో అనబోయి, మానేశాడు. ఇప్పుడనిపిస్తుంది, ఆయనకు క్షమాపణ చెప్పడం చేతకాలేదు. నాకు అవకాశం ఇవ్వడం చేతకాలేదు.

రెండు వారాల తర్వాత అంజమ్మ కంటికి ఆపరేషన్. శుక్రవారం పొద్దున ఇద్దరూ సంచి సర్దుకుని దవాఖానకు బయల్దేరారు, ఆదివారం వస్తారు. కాక తాళంచెవి నా చేతిలో పెట్టి, “రెండు పూటలు మేత వెయ్యి, గంతే. జాలీ ముట్టకు బిడ్డా. నేనొచ్చినంక కంత తెరుద్దాం, నువ్వే తెరుద్దువు” అన్నాడు.

‘నువ్వే తెరుద్దువు’ అన్నాడు. ఆ మాట ఆయన రాజీ కోసం అన్నదని అప్పుడు తెలియనట్టు నటించాను. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను, తెలుసు.

శనివారం పొద్దున మేత వేయడానికి దిగాను. చిన్నది పెంకును గీకుతోంది. పటేలు జాలీకి ఆనుకుని రంగు తేలి వణుకుతున్నాడు. కాగితంలో ఉన్న గుర్తులన్నీ ఉన్నాయి. ఆయన వచ్చేసరికి పెంకు మీద గుడ్లుండాలి, ఖలీల్ భాయ్‌ని నేనే పిలిచి చూపించాలి. ఆ బొమ్మ నా కళ్ల ముందు ఎంత స్పష్టంగా ఉందంటే, అడుగున కంత మీద ఉన్న ముక్కను తీయాలని కూడా తోచలేదు. జాలీ మొత్తం పైకి లాగేసి, నీళ్లు కారుతుండగా గోడకు ఆనించాను.

గంటసేపు అక్కడే కూర్చున్నాను. రెండూ ఎదురెదురుగా నిలిచాయి, మొప్పలు విప్పాయి, మూతులు పట్టుకుని గుంజుకున్నాయి. అది జత కుదిరే తీరని చదివాను కాబట్టి సంతోషించాను. తర్వాత రెండూ పెంకు దగ్గరికి చేరాయి. అంతలో ఆఫీసు నుంచి ఫోన్, ఏదో బిల్డ్ ఆగిపోయిందని, వెంటనే రమ్మని. జాలీ వైపు చూశాను. మళ్లీ దించడానికి రెండు నిమిషాలు పట్టేది. దించితే ఓడిపోయినట్టనిపించింది. ఎవరి ముందు ఓడిపోవడం? ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే వచ్చాను. చిన్నది ఒక మూల, నీటి పైభాగాన, హీటర్ వైరుకు, అద్దానికి మధ్య ఇరుక్కుని ఉంది. రెక్కలు పీలికలయ్యాయి. ఒక కన్ను లేదు. పక్కన పొలుసులు రాలిపోయి తెల్లటి కండ కనబడుతోంది. పటేలు తొట్టి మధ్యలో నిదానంగా ఈదుతున్నాడు. చిక్కంతో తీసి తడి తువ్వాలులో పెట్టుకున్నాను, ఎందుకో తెలియదు. ఊపిరి బిగబట్టాను. నాకు గాలి అందక వదిలేశాను. దానికి అప్పటికే ఏమీ అక్కర్లేదు. దాక్కోవడానికి ఒక పగిలిన కుండ ఉండేది అటువైపు. ముందు రోజు తొట్టి తుడుస్తూ, చూడటానికి అడ్డమని నేనే తీసి బయటపెట్టాను.

చేపను తిరిగి నీళ్లలో వదిలాను. తర్వాత జాలీ దించాను. ఒక అంచు సందులో కూర్చోబెట్టి, రెండో అంచును కావాలనే బయటికి వదిలేశాను. చేప దూరేంత సందు వచ్చేదాకా చేత్తో జరిపాను. అప్పుడు నా చేతులు వణకలేదు.

కాక చేతులు వణికేవి. అదీ నాకు తెలుసు. ఆ ఏడాది మొదట్లోనే సాసర్‌లో చాయ్ పోస్తుంటే కుడిచేయి సన్నగా వణకడం చూశాను. ‘చలికి’ అన్నాడు. అది ఎండాకాలం. ఆదివారం ఆయన లోపలికొచ్చి తొట్టి ముందు నిలబడ్డప్పుడు నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను.

“జాలీ పక్కకు జరిగినట్టుంది బాబాయిగారూ. సరిగా బిగించకపోవడం వల్లేమోనండి.”

ఆయన జాలీ వైపు చూడలేదు. తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. “బిగియ్యలె గావచ్చు. ఈ చెయ్యి ఇగ పనికొస్తలేదు” అన్నాడు. కంటికి కట్టుతో మంచం మీద కూర్చున్న అంజమ్మ, “ఏంది, ఏమైంది” అని అడుగుతూనే ఉంది.

ఆ వారంలోనే పటేలును ఖలీల్ భాయ్‌కి ఇచ్చేశాడు. తొట్టి ఎండగట్టి అందులో ఉల్లిగడ్డలు పోశారు. ఇంకో రెండు నెలలకు నేను ఆఫీసు దగ్గరని చెప్పి గచ్చిబౌలిలో హాస్టల్‌కు మారిపోయాను. నలుగురిలో నన్ను అవమానించారని, అందుకే ఇల్లు మారానని స్నేహితులకు చెప్పేదాన్ని. చాలాకాలం నేనూ అదే నమ్మాను. తర్వాత పెళ్లయింది, ఉద్యోగాలు మారాయి, ఈ ఫ్లాటు కొనుక్కున్నాం. చేప ఆడదే. ఆ విషయంలో నేను చెప్పిందే నిజం. ఇప్పటికీ అంటాను. కానీ ఆ నిజంతో ఏం చేశానో ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

లాబీ చేప ఫిర్యాదు చెరిపేసి, మరుసటి ఆదివారం పుప్పాలగూడ వెళ్లాను. ఆ ఇల్లు లేదు. ఆ జాగాలో లేచిన అపార్ట్‌మెంట్‌లోనే వాళ్లకొక ఫ్లాటు, తొమ్మిదో అంతస్తు. ఒకప్పుడు గేటు గొళ్లెం నేనే తీసుకుని లోపలికి వెళ్లిన చోట, సెక్యూరిటీ మనిషి ఫోన్‌లో నా ఫోటో తీసి, డెలివరీనా, క్యాబా, గెస్టా అని అడిగాడు. గెస్టు అన్నాను. లిఫ్టు దిగి వరండాలోంచి చూస్తే చెరువు కనబడుతోంది, చుట్టూ నడిచే బాట, బెంచీలు, చేపలు పట్టరాదని బోర్డు. తలుపు తీసింది అంజమ్మ. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కాక సోఫాలో కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, దాని మీద ఎడమచెయ్యి మూతపెట్టినట్టు.

“ఏందిరో, మన ఇంజినీరమ్మ వచ్చింది. ఇగ మంచిగ ఉండు మల్లయ్యా, తప్పులు రాసుకుంటది” అని తనకు తానే చెప్పుకున్నాడు. నవ్వాను. కూర్చున్నాను. వచ్చే దారిలో కారులో నాలుగుసార్లు మనసులో చదువుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. నేరుగా చెప్పేశాను. “కాకా, ఆ జాలీ మీరు సరిగానే బిగించారు. నేనే తీశాను. చేప చచ్చాక నేనే వంకరగా పెట్టాను. మీ మీదికి తోశాను.”

ఆయన జాలిగా నవ్వాడు.

“ఊకో బిడ్డా. అంజమ్మ ఫోన్ చేసిందా? ఈ ముసలోని మనసు జర నిమ్మళం చెయ్యమని చెప్పిందా?”

“లేదు కాకా. ఒట్టు. శనివారం పొద్దున తీశాను.”

“నాకు తెల్వదా? ఆ దినం బిగిస్తుంటె చెయ్యి జారుడు నాకు యాదుంది. నువ్వు చిన్నపిల్లవు, నీకెందుకు ఆ ఫికర్. మంచి మనసు నీది. గంత దూరం నుంచి వచ్చి నా కోసం అబద్ధమాడుతున్నవ్.”

ఎన్ని రకాలుగా చెప్పినా వినలేదు. కుండ సంగతి చెప్పాను, ఆఫీసు ఫోన్ సంగతి చెప్పాను. ప్రతిదానికీ తల ఊపుతూ, నన్ను ఓదారుస్తూ, ఎడమచేత్తో నా భుజం తట్టాడు. జరగని జారుడును ఇరవై ఏళ్లుగా తలుచుకుని తలుచుకుని ఆయన నిజం చేసుకున్నాడు. జీవితమంతా ఎదుటివాళ్ల చేత తప్పు ఒప్పించిన దాన్ని, నా తప్పు నాదని ఒక మనిషిని ఒప్పించలేకపోయాను.

అంజమ్మ పక్కనే కూర్చుని అంతా వింది. నేను లేచినప్పుడు లిఫ్టు దాకా వచ్చింది. బటన్ నొక్కి, అంకెలు మారడం చూస్తూ, నెమ్మదిగా మాట్లాడింది.

“ఆయన నమ్మడు. నేను నమ్మిన.”

లిఫ్టు ఇంకా కిందే ఉండగా ఆమె మళ్లీ అంది.

“డాక్టరు చెప్పిండు, ఉత్త వణుకే, చెయ్యితోని పని చేస్తనే ఉండుమని. ఈయన వినలె. ఈ చెయ్యి ఒక పానం తీసిందన్నడు. ఆ దినం నుంచి బువ్వ కూడా నేనే కలిపి పెడుతున్న బిడ్డా.”

లిఫ్టు వచ్చింది. లోపలికెళ్లి తిరిగి నిలబడ్డాను. ఆమె కోపంగా లేదు, ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, తలుపులు మూసుకునేదాకా నన్ను చూస్తూనే ఉంది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు. మర్యాదలో ఇంతకన్నా చిన్న లోపాలకు నేను మనుషులతో ఏళ్ల తరబడి మాట్లాడటం మానేశాను. కింద గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఫోన్ చాపి, విజిట్ ఎలా జరిగిందో, ఫిర్యాదు ఏమైనా ఉంటే రాయమన్నాడు. ఏమీ లేదన్నాను.